బందరు వెళ్ళారా ఎప్పుడైనా?



బందరు అనగానే మీకు ముందు ఏం గుర్తొస్తుంది? లడ్డూయే కదా! నాకూ అంతే. అత్తగారి తరఫు బంధువుల పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ నేను బందరు ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. బస్సు దిగడం, అక్షింతలు వేయడం, భోంచేయడం, లడ్డూల పొట్లం చేత్తో పట్టుకుని తిరుగు బస్సెక్కడం. ఆ వూళ్ళో చూడ్డానికి ఏమైనా వుందా అని ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు.

అలాంటి నన్ను పనిగట్టుకుని బందరు తీసికెళ్ళింది ఒక పాత దుప్పటి. సంక్రాంతికి ముందు బీరువా సర్దుతుంటే అడుగున బయటపడింది. మా అత్తగారి పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టిన కలంకారీ దుప్పటి. యాభై యేళ్ళ పైమాటే. రెండు చోట్ల చిరిగింది, అంచు పీలికలైంది. వంటింట్లో మసిగుడ్డలకి పనికొస్తుందని కత్తెర తెచ్చుకున్నాను.

"ఆగమ్మాయ్!" అన్నారు అత్తగారు మంచంమీద నుంచి. "కత్తెర పెట్టేముందు నిరుడు నువ్వు కొన్న దుప్పటి పక్కన పరిచి చూడు."

పరిచి చూశాను. నేను కొన్నది నాలుగు ఉతుకులకే వెలిసిపోయి గోడమీద పాత సున్నంలా వుంది. ఆవిడది నూలు అరిగింది గాని రంగు అరగలేదు. ఆ ఎరుపు పండిన దానిమ్మ గింజలా అలాగే వుంది.

"ఈ రంగు ఎక్కడ వేశారండీ?" అని అడిగాను.

"పెడనలో. బందరు పక్కనే. పెళ్ళిళ్ళకి పోయిరావడమే గాని, మా వూరు కళ్ళారా చూసి ఎన్నాళ్ళయిందో!" అన్నారు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఇవాళ కాదు రేపు అనుకుంటే రేపు ఎలా వుంటుందో తెలియదు. పండగ వెళ్ళగానే మావారు, నేను, అత్తగారు, మా చిన్నపిల్ల, నలుగురం బయలుదేరాం. దుప్పటి కూడా సంచీలో పెట్టుకున్నాం. ఆ రెండు రోజుల్లో చూసినవీ, వాటివెనక వున్న చరిత్రా మీకూ చెబుదామని ఇవాళ ఇలా వచ్చాను.

ముందు పేరు సంగతి చెబుతాను. "బందర్" అంటే పారశీక భాషలో ఓడరేవు అని అర్థం. అంచేత మనం "బందరు రేవు" అంటే "రేవు రేవు" అన్నట్టే! ఊరి అసలు పేరు మచిలీపట్నం. అంతకన్నా పాత కాలంలో ఈ తీరాన్నంతా గ్రీకులు మైసోలియా అన్నారు. క్రీస్తు శకం 1వ శతాబ్దంలో రాసిన ఒక గ్రీకు నావికుల పుస్తకంలో, ఈ తీరంలో సన్నని నూలుబట్ట విస్తారంగా తయారవుతుందని వుంది. అంటే రెండువేల యేళ్ళనాడే మన కృష్ణాతీరం బట్ట సముద్రం దాటిందన్నమాట. ఆ రోజుల్లో పెద్ద రేవు ఇప్పటి ఘంటసాల. ఓపిక వుంటే అక్కడి బౌద్ధ స్తూపం కూడా చూసి రండి. బందరుకు దగ్గరే.

తర్వాత గోలకొండ నవాబుల కాలం వచ్చింది. హైదరాబాదుకి సముద్రం లేదు కదా! ఆ రాజ్యానికి సముద్రం వాకిలి బందరే. ఇక్కడి ఓడలు బర్మాకీ, సయాముకీ, పర్షియాకీ, మక్కాయాత్రికులతో ఎర్రసముద్రానికీ వెళ్ళేవి. 17వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన టావెర్నియర్ అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు, ఊరు పెద్దదేగాని ఇళ్ళన్నీ కర్రవేనని రాశాడు. అంత పెద్ద వర్తకం కర్ర ఇళ్ళలోనే జరిగింది!

ఇక తెల్లవాళ్ళు. డచ్చివాళ్ళు 1605లో వచ్చారు. ఇంగ్లీషువాళ్ళు 1611లో వచ్చారు. ఫ్రెంచివాళ్ళు 1669లో వచ్చారు. ఎందుకొచ్చారంటే బడిలో మనకి "వర్తకం కొరకు" అని ఒక్క ముక్కలో చెప్పారు. అసలు సంగతి మన పోపులడబ్బాలో వుంది. లవంగాలూ జాజికాయా జాపత్రీ అప్పట్లో ఇండోనేషియా దీవుల్లో తప్ప ఇంకెక్కడా పండేవి కావు. ఐరోపాలో వాటికి విపరీతమైన గిరాకీ. సరుకు కొందామంటే ఆ దీవులవాళ్ళు ఐరోపా ఉన్నిబట్టలు చూసి పెదవి విరిచారు. అంత ఎండలో ఉన్ని ఏం చేసుకుంటారు? వాళ్ళు తరతరాలుగా అడుగుతున్నది మన తీరం నూలుబట్ట, అందులోనూ రంగుబట్ట. అంచేత లవంగం కావాలంటే ముందు బందరు వచ్చి బట్ట కొనాలి! ఇక్కడ బట్ట కొని, అక్కడ ఇచ్చి, మసాలా దినుసులు తీసుకుని, వాటిని ఐరోపాలో అమ్మేవాళ్ళు. ఆ లాభాల కోసమే ఒకళ్ళతో ఒకళ్ళు కొట్లాడుకున్నారు.

ఇంగ్లీషువాళ్ళకి మద్రాసు ఇంకా పుట్టనేలేదు. 1611లో బందరులో పెట్టిన కొట్టే తూర్పుతీరంలో వాళ్ళ మొదటి ముఖ్య స్థావరం. దాన్ని ఫ్యాక్టరీ అనేవారు గాని అందులో యంత్రాలేమీ వుండవు. గుమాస్తాలూ, గోదాములూ, లెక్కల పుస్తకాలూ, అంతే. 1632లో గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా వాళ్ళకి ఒక ఫర్మానా ఇచ్చాడు. ఏడాదికి 500 వరహాలు సుంకం కడితే చాలు, ఆపైన ఎంత వర్తకమైనా చేసుకోవచ్చునని. చరిత్రకారులు దాన్ని బంగారు ఫర్మానా అంటారు. ఎవరికి బంగారమో మీరే ఆలోచించండి!

బందరులో మొట్టమొదట చూడవలసింది డచ్చివాళ్ళ సమాధులు. పురావస్తు శాఖవారి రక్షణలో వున్నాయి. పెద్ద పెద్ద నల్లరాతి పలకలమీద వాళ్ళ వంశాల గుర్తులు, ఓడలవాళ్ళ అక్షరాలు లోతుగా చెక్కి వున్నాయి. మా పిల్ల అక్షరాలమీద వేలుపెట్టి చదవబోయి, "ఇది ఇంగ్లీషు కాదే!" అంది. కాదు మరి. ఎక్కడో చలిదేశంలో పుట్టి, మూడు సముద్రాలు దాటి, మన లవంగాలకీ బట్టలకీ ఆశపడి వచ్చి, ఈ ఉప్పుగాలిలో కన్నుమూసినవాళ్ళు. మా అత్తగారు అక్కడ నించుని, "పాపం, ఏ తల్లి కన్నబిడ్డలో!" అన్నారు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ మాట లేదు.

అక్కణ్ణుంచి బందరుకోట. కోట అంటే గోలకొండలాగా ఊహించుకోకండి. సముద్రం వైపు బురదనేలల మధ్య పాత గోడలూ, శిథిలాలూ మిగిలాయి. కాని ఆ నేలమీద జరిగిన ఒక రాత్రి సంగతి వినండి. 1750 నుంచీ బందరు ఫ్రెంచివాళ్ళ చేతిలో వుంది. 1759 ఏప్రిల్ 7వ తేదీ రాత్రి కల్నల్ ఫోర్డు అనే ఇంగ్లీషు సేనాని, బురదలోంచి కూడా మనుషుల్ని నడిపించి కోటమీద పడ్డాడు. తెల్లారేసరికి కోట ఇంగ్లీషువాళ్ళదైంది. దాంతో ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివాళ్ళ బలం విరిగింది. తెలుగుదేశం మీద ఇంగ్లీషు పెత్తనానికి గట్టిపునాది పడింది ఆ బురదలోనే అంటే పొరపాటు కాదు.

కోట దగ్గర అత్తగారు ఇంకో సంగతి చెప్పారు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చింది. పెనుగాలికి సముద్రం లేచి వూరిమీద పడింది. సుమారు 30,000 మంది చనిపోయారని లెక్క. ఆవిడ అమ్మమ్మకి వాళ్ళ నాయనమ్మ చెప్పేదట: నిద్రలో మొహంమీద నీళ్ళు పడితే పైకప్పు కురుస్తోందనుకుందట, పెదవి తడిమితే ఉప్పగా తగిలిందట. అప్పుడర్థమైందట అది వాన కాదని. ఉప్పెన పోయాక కూడా మంచినీళ్ళ బావులు చాలాకాలం ఉప్పగానే వున్నాయట.

ఆ దెబ్బనుంచి రేవు మళ్ళీ కోలుకోలేదు. అప్పటికే ఇసుకా బురదా మేటవేసి, పెద్ద ఓడలు ఒడ్డుకి రాలేక మైళ్ళ దూరంలో ఆగేవి. సరుకంతా పడవలమీద చేరవేయాలి. వర్తకం మద్రాసుకి మళ్ళింది. 1933లో విశాఖ రేవు తెరిచాక బందరును తలుచుకునేవాళ్ళు మరీ తగ్గారు. 1977 నవంబరు 19న పక్కనే దివిసీమను మింగిన ఉప్పెన మనలో చాలామందికి గుర్తే. కొత్త రేవు కోసం 2023లో పనులు మొదలుపెట్టారు. బందరువాళ్ళని కదిపితే ఆ కబుర్లే!

రెండోరోజు పెడన వెళ్ళాం. బందరుకు పది కిలోమీటర్లు వుంటుందేమో. ఇదే మా ప్రయాణానికి అసలు కారణం.

కలంకారీ అంటే కలంతో చేసే పని. శ్రీకాళహస్తిలో నిజంగానే కలంతో గీస్తారు. బందరు, పెడనల్లో చెక్క అచ్చులతో అద్దుతారు. గోలకొండ కాలంలో పర్షియా వర్తకులు అడిగిన లతలూ, పూలూ, తీగెలూ ఇప్పటికీ ఈ అచ్చుల్లో వున్నాయి. అచ్చులు టేకుచెక్కతో చెక్కుతారు. ఒక పువ్వుకి గీతల అచ్చు వేరు, ఎరుపు అచ్చు వేరు, ప్రతి రంగుకీ ఒక్కో అచ్చు.

పని ఎలా చేస్తారో చూస్తే మన వంటిల్లు గుర్తొచ్చింది నాకు. ముందు ముతక నూలుబట్టని గంజి పోయేదాకా ఉతికి కరక్కాయ నీళ్ళల్లో ముంచి ఆరబెడతారు. నలుపు రంగు దేంతో చేస్తారనుకున్నారు? తుప్పుపట్టిన ఇనపముక్కలూ, పాతబెల్లమూ కుండలో వేసి నీళ్ళుపోసి రోజుల తరబడి పులియబెడతారు. మనం ఆవకాయ జాడీకి వాసెనగుడ్డ కట్టి కాపలాకాసినట్టు వాళ్ళు ఆ కుండని కాపలాకాస్తారు. ఆ నీళ్ళు కరక్కాయ పట్టిన బట్టమీద తగలగానే నల్లగా మారతాయి.

ఎరుపు ఇంకా విచిత్రం. అచ్చుతో అద్దేది ఎరుపు కాదు, పటిక నీళ్ళు! తర్వాత బట్టని పారేనీళ్ళలో జాడించి, రాగి గాబుల్లో రంగుతోపాటు ఉడకబెడతారు. పటిక తగిలినచోటే ఎరుపు పట్టుకుంటుంది, తక్కినచోట ఉతుకులో పోతుంది. పటిక నూలునీ పట్టుకుంటుంది, రంగునీ పట్టుకుంటుంది. మధ్యవర్తిలా ఇద్దరినీ కలిపి వదలకుండా కూచుంటుంది. మా అత్తగారి దుప్పటి యాభై యేళ్ళు వెలవకపోవడం వెనక వున్నది ఇదే. పూర్వం ఆ ఎరుపు చిరివేరు నుంచి తీసేవారు. ఇప్పుడు చాలాచోట్ల అలిజరిన్ అనే తయారుచేసిన రంగు వాడుతున్నారు. నీలిరంగుకి నీలిమందు, పసుపుకి కరక్కాయ పువ్వూ దానిమ్మ బెరడూ వుండనే వున్నాయి.

ఈ బట్టమీద ఐరోపా ఆడవాళ్ళకి ఎంత మోజు పుట్టిందంటే, అక్కడి నేతగాళ్ళ కడుపు కాలింది. ఫ్రాన్సులో 1686లో రంగు అద్దిన బట్టలు నిషేధించారు. 1759 దాకా ఆ నిషేధం సాగింది. ఇంగ్లండులో 1700లో ఒక చట్టం, చాలక 1721లో మరో చట్టం. 1719లో లండను వీధుల్లో మన దేశపు అద్దకం గౌను కట్టుకు తిరిగిన ఆడవాళ్ళమీద నేతపనివాళ్ళు పడి బట్టలు చింపేశారు. సిరా కూడా చల్లారు. ఆ గౌన్లలో మన తీరంవీ వున్నాయి, గుజరాతువీ వున్నాయి. ఆలోచించండి! ఏం కట్టుకోవాలో చెప్పడానికి చట్టసభ, చెప్పినట్టు వినకపోతే చింపడానికి వీధిలో మగవాళ్ళు. పాపం, ఆ నేతగాళ్ళవీ ఆకలి కడుపులే. కాని దెబ్బ తిన్నది మాత్రం ఆ బట్ట కట్టుకున్న ఆడమనిషి.

తర్వాత వాళ్ళే మన అద్దకం విద్య నేర్చుకున్నారు. యంత్రాలు పెట్టారు. 19వ శతాబ్దంలో వాళ్ళ మిల్లుబట్ట చవగ్గా మన సంతల్లోకే వచ్చిపడింది. బందరు అద్దకం చితికిపోయింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1950ల్లో కమలాదేవి చట్టోపాధ్యాయ వంటివారు పూనుకుని మళ్ళీ నిలబెట్టారు.

పెడనలో ఒక ముసలి అద్దకం పనివాడి దగ్గర మా దుప్పటి సంచీలోంచి తీసి పరిచాం. ఆయన మోకాళ్ళమీద కూచుని అంచు మడతపెట్టి చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు. "ఈ జీడిమామిడి పిందె అంచు అచ్చు మా దగ్గర ఇప్పుడు లేదమ్మా. మా నాన్న వుండగా వుండేది. చెదలు పట్టింది" అన్నాడు. పల్చటి కాగితం తెచ్చి, చిరిగిన మేర వదిలేసి, మిగిలిన అంచంతా పెన్సిలుతో దించుకున్నాడు. మసిగుడ్డలు చేద్దామనుకున్న సంగతి ఆయనతో చెప్పలేకపోయాను.

"మళ్ళీ చెక్కించవచ్చా?" అని అత్తగారు అడిగారు.

"ఎందుకు చెక్కించకూడదు తల్లీ! అడిగేవాళ్ళుంటేగా? ఒక్క దుప్పటి కోసం అచ్చు చెక్కిస్తే నాకు కూలి కూడా గిట్టదు. పది దుప్పట్లకైనా బేరం వుండాలి" అన్నాడు.

ఇక్కడ మీకు ఒకమాట చెప్పాలి. బజారులో కలంకారీ పేరుతో అమ్మేవన్నీ అచ్చు అద్దకాలు కావు. జల్లెడతెర వేసి గంటలో గజాలకి గజాలు లాగేసిన బట్టలు చాలా వున్నాయి. చవకే, కాదనను. కాని తెలిసి కొనండి. అచ్చు పక్కన అచ్చు వేసినచోట వెంట్రుకవాసి తేడా వుంటుంది. ఒక పువ్వులాగా ఇంకో పువ్వు అచ్చం వుండదు. మరీ కొలతపెట్టి గీసినట్టు వుంటే అనుమానించండి. మొదటి రెండుమూడు ఉతుకులు విడిగా, చన్నీళ్ళతో ఉతికి నీడన ఆరేయండి.

తీరికవుంటే బందరులో ఇంకా చాలా వున్నాయి. కోపల్లె హనుమంతరావుగారు 1910లో స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాల ఈ వూళ్ళోనే. చదువూ చేతిపనీ కలిపి నేర్పాలన్న పట్టుదలతో పెట్టారు. అడివి బాపిరాజుగారు చిత్రకళ అభ్యసించింది అక్కడే. ముట్నూరి కృష్ణారావుగారి సంపాదకత్వంలో వెలిగిన కృష్ణాపత్రిక 1902లో పుట్టింది ఇక్కడే. పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రాబ్యాంకు పెట్టిందీ ఇక్కడే. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది గాని, ఆ పాత పాస్‌పుస్తకాలు మన బీరువాల్లో ఇంకా వుండేవుంటాయి.

పుణ్యమూ పురుషార్థమూ రెండూ కావాలంటే చిలకలపూడి పాండురంగస్వామి గుడి వుంది. ఆ పేటలోనే రోల్డుగోల్డు నగలు చేస్తారు. చూడగానే మనసు లాగుతుంది, పర్సు గట్టిగా పట్టుకోండి! సముద్రానికి మంగినపూడి వెళ్ళండి. అక్కడ తెల్లటి ఇసక వుండదు, నల్లరేగడి. నీళ్ళు లోతుండవు గాని పిల్లల చెయ్యి వదలకండి. కార్తీక పౌర్ణమికి స్నానాలకి జనం విరగబడతారు. పైగా అక్టోబరు, నవంబరు తుపాను రోజులు. సంక్రాంతి వెళ్ళాక మాఘమాసం లోపు వెళ్తే ఎండా వుండదు, వానా వుండదు. పొద్దున్నే బయలుదేరి, మంచినీళ్ళు వెంటపెట్టుకుని, కోటా సమాధులూ ఎండెక్కకముందే చూసేయండి.

ఇక లడ్డూ సంగతి. తొక్కుడు లడ్డూ అని ఎందుకన్నారో తెలుసా? శనగపిండిని నేతిలో పూసలా వేయించి, దాన్ని రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకంలో వేసి మళ్ళీ దంచుతారు. ఆ దంచడంలోనే వుంది రుచి. అదీ బందరు పద్ధతే. పెడనలో ఒక్కో అద్దకానికి ఎంత ఓపిక పడతారో చూసొచ్చాక ఆ లడ్డూ కొరికితే నాకు ఇంకా బాగుందనిపించింది.

ఇంటికొచ్చాక మా వీధిలో ఇంటింటికీ వెళ్ళి ఆ దుప్పటి చూపించాను. చిరిగిన దుప్పటి పట్టుకు తిరుగుతుందేమిటీ అని నవ్వినవాళ్ళూ వున్నారు. అంచు చూసి తమకీ ఒకటి కావాలన్నవాళ్ళు ఇప్పటికి ఏడుగురయ్యారు. ఇంకా ముగ్గురు కావాలి. అత్తగారు రోజూ సాయంత్రం "ఎంతమందయ్యారే?" అని అడుగుతున్నారు. పదిమందీ పూర్తయితే పెడనకి ఫోను చేద్దామని, ఆయన ఇచ్చిన నంబరు క్యాలెండరు వెనక రాసిపెట్టుకున్నారు. చిరిగిన రెండు చోట్లా అడుగున గుడ్డవేసి కుట్టాను. దుప్పటి మళ్ళీ ఆవిడ మంచంమీదే వుంది.

మీ బీరువా అడుగున కూడా అలాంటిది ఏదైనా వుందేమో, కత్తెర పెట్టేముందు ఒక్కసారి వెలుతురులో పరిచి చూడండి. అదెక్కడ అద్దారో, ఎవరు పెట్టారో ఇంట్లో పెద్దవాళ్ళు వుండగానే అడగండి.